గాలికి వదలని గ్యాసు

ఆ సోమవారం పొద్దున శంషాబాద్‌లో బస్సు కోసం నిలబడ్డప్పుడు కాలేబు తన చేతిలో ఏముందో మనసులోనే లెక్క చూసుకున్నాడు. పదకొండేళ్ల పని. ఒక పనిముట్ల సంచి. సంచి పక్క అరలో ఒక ఖాకీ కవరు, అందులో రెండు ఉత్తరాలు. ఇస్త్రీ చొక్కా ఒకటి, అది ఒంటి మీదే ఉంది. లేనిది ఒకటే, ఐటీఐ సర్టిఫికెట్టు. ఉన్నవన్నీ ఒక పళ్లెంలోనూ లేనిదాన్ని రెండో పళ్లెంలోనూ వేస్తే కాటా ఎటు మొగ్గుతుందో వారం రోజులుగా అతనికి అంతుపట్టడం లేదు.

మొదటినుంచీ చదువుతున్నవారికి ఈ వారం రోజుల గొడవ తెలిసిందే. ఇవాళే పత్రిక చేతికి తీసుకున్నవారికి రెండు ముక్కల్లో చెప్పుకోవాలి. మస్కట్‌లో ఒక చేపల కంపెనీకి కోల్డ్ స్టోరేజీ చూసుకునే మెకానిక్కు ఒకడు కావాలి. అత్తాపూర్‌లో ఆఫీసు పెట్టుకున్న ఏజెంటు పేపర్లో ప్రకటన వేయించాడు. కాలేబు దరఖాస్తు పట్టుకుపోతే, ఆఫీసులో కూర్చునే ప్రియదర్శిని అనే గుంటూరు అమ్మాయి దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "ఐటీఐ లేకపోతే కుదరదండీ" అంది. కాలేబు కదలకుండా అక్కడే నిలబడేసరికి జాలిపడి ఒక దారి చూపించింది. పదేళ్లకు తక్కువ కాకుండా పని చేసినట్టు యజమాని రాసిచ్చిన ఉత్తరం తెస్తే, కంపెనీ ఇంజనీరు తన ఎదుట పని చేయించి చూస్తాడు. ఆయనకు నచ్చితే ఒక గ్రేడు కార్డు ఇస్తాడు. ఆ కంపెనీలో ఆ కార్డే సర్టిఫికెట్టుతో సమానం.

యజమాని అంటే శాంతయ్య. బెంగుళూరు రోడ్డు మీద, ద్రాక్షపళ్ల లారీలు ఆగేచోట, రేకుల షెడ్డులో ఫ్రిజ్‌లూ సోడా కూలర్లూ పాలకేంద్రం కూలర్లూ బాగుచేసే ముసలాయన. కాలేబుకు పని నేర్పిన ఉస్తాద్. ఉత్తరం అడగ్గానే ఆయన బిల్లుబుక్కులోంచి ఒక కాగితం చింపి, తెలుగులో రెండే రెండు ముక్కలు రాశాడు. "కాలేబు నా దగ్గర పదకొండేండ్లు చేసిండు. గ్యాస్ వృథా చేయడు." కింద సంతకం. రాసిన కాగితాన్ని బెంచీ మీద పడేసి, "తీస్కపో. పోయెటోనికి ఇన్నేండ్లు నేర్పిన నేను పాగల్‌గాన్ని. ఇగ నాతోని మాట్లాడకు" అన్నాడు. ఆనాటినుంచి ఇద్దరికీ మాటల్లేవు. ఒకే బెంచీకి చెరో పక్కన కూర్చుని పని చేసుకున్నారు. స్పానర్ కావాల్సి వస్తే ఎవరికి వారు గోడకు చెప్పుకున్నారు.

రెండో ఉత్తరం శేఖర్ తెచ్చాడు. శేఖర్ పాల్మాకుల కుర్మయ్య కొడుకు, ఐటీఐ పాసై మూడేళ్లయింది. అతనూ ఇదే ఉద్యోగానికి పోటీ. అయినా మనసు పెద్దది. "అన్నా, గీ బిల్లు కాయితం జూస్తే ఆళ్లు పడిపడి నవ్వుతరు" అని, కాలేబు బొంబాయిలో ఒక పెద్ద కంపెనీలో పన్నెండేళ్లు చేసినట్టు ఇంగ్లీషులో టైపు కొట్టించి, ఊదారంగు ముద్ర వేయించి తెచ్చాడు. కాలేబు బొంబాయి వైపు తలపెట్టి పడుకున్నవాడు కూడా కాదు. ఏ ఉత్తరం ఇవ్వాలో ఎంతకీ తేలక, రెండూ కవరులో పెట్టుకున్నాడు. సరుకు రెండు రకాలుగా ఉన్నప్పుడు కొనేవాడి మొహం చూసి ఏది తీయాలో తేల్చుకోవడమే అంగడి పద్ధతి కదా అనుకున్నాడు.

ఆ ఆలోచనతోనే బస్సెక్కాడు.

ఆరాంఘర్ చౌరస్తాలో దిగి, అక్కడినుంచి ఆటోలో అత్తాపూర్ చేరేసరికి తొమ్మిదిన్నర. ఏజెంటు ఆఫీసు వెనక పెద్ద రేకుల షెడ్డు. షెడ్డులో వరసగా ఏడు పాత వాటర్ కూలర్లు నిలబెట్టారు. ఒక మూల ఏదో యంత్రం మీద నీలం గుడ్డ కప్పి ఉంది. షెడ్డు బయట, దుర్గవ్వ అనే ఆమె సోడా బండి. బండి దగ్గర ఒక తెల్లాయన నిలబడి సోడా తాగుతున్నాడు. యాభై దాటిన మనిషి, బట్టతల, ఎండకు ఎర్రబడ్డ మొహం.

"నమక్ జర జ్యాదా" అన్నాడు ఆయన దుర్గవ్వతో.

"అరె, దొర ఉప్పు సోడా అడుగుతుండు సూడు!" అని దుర్గవ్వ చుట్టూ ఉన్నవాళ్లందరికీ వినపడేలా చెప్పింది. "నిమ్మకాయ గూడ పిండాల్నా సాబ్?"

ఆయనే కంపెనీ ఇంజనీరు, పేరు బార్లో. కాలేబు ఆ మొహాన్ని బాగా పరీక్షించి చూశాడు. ఇంత పెద్దమనిషి ముందు బిల్లుబుక్కు కాగితం పెట్టడం కంటే, పోయి ఆ సోడాబండి కింద దూరడం నయమనిపించింది. బొంబాయి ఉత్తరమే ఇవ్వాలని తేల్చుకున్నాడు.

"కవరు ఇవ్వండి కాలేబు గారూ" అంది ప్రియదర్శిని.

కాలేబు కవరులో చెయ్యి పెట్టాడు. ఒకటే కాగితం తగిలింది. బయటికి తీసి చూస్తే అది శాంతయ్య బిల్లు కాగితం. కవరు తలకిందులు చేసి దులిపాడు. బోర్లించి ఊదాడు. బొంబాయి లేదు.

"ఒక్క నిమిషం మేడం."

కింద కూర్చుని సంచి విప్పి, పనిముట్లన్నీ ఒక్కొక్కటే తీసి నేల మీద పరిచాడు. ఉత్తరం దొరకలేదు. సంచి అడుగున మాత్రం ఒక గోనెగుడ్డ మూట చేతికి తగిలింది. అది తాను పెట్టింది కాదు. విప్పితే, ఉస్తాద్ చిన్న సిలిండర్! మూరెడు పొడుగు, రంగంతా ఊడిపోయి, వాల్వు మాత్రం కొత్తదానిలా మెరిసే సిలిండర్. షాపులో ఇంకెవరూ ముట్టుకోవడానికి వీల్లేని వస్తువు. పొద్దున తాను చూసుకున్న లెక్కలో రెండు తప్పులు దొర్లాయన్నమాట. ఉండాల్సింది ఒకటి తగ్గింది, లేనిది ఒకటి చేరింది. ఈ రెండూ ఎవరు చేశారో కూర్చుని ఆలోచించేందుకు తీరిక లేదు.

"ఇదొక్కటే ఉన్నది మేడం" అని బిల్లు కాగితం ఇచ్చాడు.

ప్రియదర్శిని దాన్ని చదివి, వెనక్కి తిప్పి చూసింది. వెనకవైపు ఎవరిదో ఫ్రిజ్ తలుపు రబ్బరు కొలతలు రాసి ఉన్నాయి.

"ఇదేమిటండీ! లెటర్‌హెడ్ లేదు, ముద్ర లేదు. ఇలాంటిది నేను లోపలికి ఎలా పంపనండీ?"

"షాపుకు ముద్ర లేదు మేడం. ఉస్తాద్ మాటనే ముద్ర."

"ఆ మాట శంషాబాద్‌లో చెల్లుతుందేమోనండీ, మస్కట్‌లో చెల్లదు కదా."

వెనక క్యూలో ఎవరో కిసుక్కున నవ్వారు. కాలేబు చెవులు వేడెక్కాయి. పదకొండేళ్లు. ఎండాకాలం లారీ నీడలో పడుకుని కంప్రెసర్లు విప్పినవి, పెళ్లిళ్లలో ఐస్‌క్రీం పెట్టె ఆగిపోతే భోజనం వదిలేసి పరిగెత్తినవి, అన్నీ కలిపి ఒక ముద్ర ఎత్తు తూగలేదు.

"పని జూడుండ్రి మేడం. కాయితం గాదు, పని జూడుండ్రి. తప్పైతే నేనే పోత, మీరు పొమ్మనక్కర్లేదు."

గొంతు కాస్త పెద్దదైనట్టుంది. బార్లో సోడా గ్లాసుతోనే అటు వచ్చి, ఏమిటని కనుబొమ్మలతో అడిగాడు. ప్రియదర్శిని కాగితం చూపించి, అందులో ఉన్న రెండు ముక్కలూ ఇంగ్లీషులోకి మార్చి చెప్పింది. రెండో ముక్క దగ్గర ఆయన ఆమెను ఆపి, మళ్లీ చెప్పమన్నాడు. ఆమె మళ్లీ చెప్పింది. ఆయన కాలేబును కిందినుంచి పైకి ఒకసారి చూసి, గ్లాసు ఆమె టేబుల్ మీద పెట్టి లోపలికి పోయాడు.

"ఏమన్నడు మేడం?"

"గ్యాస్ వృథా చేయడని రాసిన ఉత్తరం ఇరవై ఏళ్లలో ఇదే మొదటిసారి చూశారట. మిమ్మల్ని చివరి నంబరుగా రాయమన్నారండీ. ఏడో కూలర్ మీది."

అందరికీ ఇచ్చిన పని ఒకటే. కూలర్ కంప్రెసర్ పాడైంది, దాన్ని విప్పి కొత్తది బిగించాలి. ఒక్కొక్కరినే లోపలికి పిలుస్తున్నారు. వింతేమిటంటే, గంట పట్టాల్సిన పనికి పోయినవాడు పోయినట్టే అయిదు నిమిషాల్లో బయటికి వస్తున్నాడు. ఆరోవాడు శేఖర్. అతనూ అంతే.

"ఏమైంది తమ్మీ?"

"ఏమో అన్నా! పోయిన, గ్యాస్ ఇడిచిన, పైపు కోద్దామని బ్లేడు తీసిన. చాలు, పో అన్నడు. బ్లేడు బాగలేదా ఏంది? కొత్తదే గదనే!"

"ఇంకేం అనలే?"

"థాంక్యూ అన్నడు. గంత మర్యాదగ ఎల్లగొట్టిచ్చుకునుడు నాకు ఇదే మొదలు."

కాలేబు లోపలికి పోయాడు. బార్లో గడియారం చూసుకుని, మొదలుపెట్టమని చెయ్యి ఊపాడు. కాలేబు కూలర్ వెనక్కి పోయి కూర్చుని, గ్యాస్ ఒత్తిడి చూపే గేజ్ తగిలించాడు. గ్యాస్ నిండుగా ఉంది. ఆరుగురు చేసిందీ ఇదే, లోకమంతా చేసేదీ ఇదే. వాల్వు తిప్పితే సుయ్యిమని రెండు నిమిషాల్లో ఖాళీ అవుతుంది, ఆ తర్వాత పైపు కోసుకోవచ్చు. బార్లో గడియారం కేసి చూస్తున్నాడు. తొందరగా చేసేవాడు కావాలేమో. కాలేబు చెయ్యి వాల్వు మీదికి పోయింది.

పోయిన చెయ్యి అక్కడే ఆగింది. పనిలో చేరిన మొదటి ఏడు ఒకసారి ఇలాగే గ్యాస్ గాలికి వదిలాడు. శాంతయ్య కొట్టలేదు, తిట్టలేదు. వారం రోజులు మాట్లాడటం మానేశాడు. గోడకు చెప్పుకోవడం అన్నది ఆ షాపులో అప్పుడు మొదలైన ఆచారమే. ఎనిమిదో రోజు ఒక బకెట్టూ ఈ చిన్న సిలిండరూ ఎదురుగా పెట్టి, గ్యాస్‌ను ఎలా దించుకోవాలో నేర్పాడు. ఆ తర్వాత పదేళ్లలో కాలేబు చేతిమీదుగా గ్యాస్ గాలిలో కలిసింది లేదు.

ఉద్యోగం వస్తే రానీ, పోతే పోనీ. ఆ సుయ్యిమనే చప్పుడు తన చెవులతో తాను వినలేడు. వాల్వు మీద చెయ్యి తీసేశాడు.

"మేడం, ఒక బకెట్ గావాలె. నేను జర బయటికి పోయొస్త."

ప్రియదర్శిని చెప్పింది విని బార్లో తలూపాడు. కాలేబు సోడాబండి దగ్గరికి పరిగెత్తాడు.

"అవ్వా, సగం గడ్డ ఐసు ఇయ్యి. ఉప్పు గూడ ఇయ్యి."

"ఎంత ఉప్పు?"

"డబ్బా మొత్తం."

"డబ్బా మొత్తం ఏసుకోని ఏం తాగుతవ్ బిడ్డా? పానం మంచిగున్నదా?"

"నాకు గాదవ్వా, గ్యాస్‌కు."

దుర్గవ్వ అతని మొహంలోకి చూసి, ఇంకేమీ అడక్కుండా ఇచ్చేసింది. శేఖర్ ఐసుగడ్డ భుజానికెత్తుకుని షెడ్డు గుమ్మం దాకా తెచ్చిపెట్టి, అక్కడే నిలబడి తొంగిచూశాడు. మిగిలిన అయిదుగురూ వాడి వెనక చేరారు.

కాలేబు ఐసు చితక్కొట్టి బకెట్లో నింపాడు, ఉప్పు కలిపాడు, ఖాళీ సిలిండర్‌ను అందులో మెడ దాకా దించాడు. గొట్టం ఒక కొస కూలర్‌కు, రెండో కొస సిలిండర్‌కు బిగించి రెండు వాల్వులూ తిప్పాడు. ఒక చిన్న గుడ్డను ఆఫీసులోంచి తెప్పించిన వేడినీళ్లలో ముంచి పిండి కూలర్ పైపుల మీద కప్పాడు. కప్పి, కాళ్లు చాచుకుని నేల మీద కూర్చున్నాడు.

అయిదు నిమిషాలు గడిచాయి. పది గడిచాయి.

"ఏం చేస్తున్నారని అడుగుతున్నారండీ."

"ఏం జేస్తలేను మేడం. గ్యాస్ జేసుకుంటుంది."

"అలా కాదండీ, ఆయనకు అర్థమయ్యేలా చెప్పండి."

"సల్లగున్న దిక్కు గ్యాస్ ఉరుకుతది మేడం. ఆ కూలర్ ఏడిగున్నది, ఈ సిలిండర్ సల్లగున్నది. ఉప్పేస్తే ఐసు ఇంక సల్లబడ్తది, కుల్ఫీబండి లెక్క. కరెంటొద్దు, మిషినొద్దు. జర ఓపిక ఒక్కటి గావాలె."

ప్రియదర్శిని చెబుతుంటే 'ఉప్పు' దగ్గర బార్లో ఉన్నట్టుండి గట్టిగా నవ్వాడు. ఎగతాళి నవ్వు కాదు. చాలా రోజుల తర్వాత తెలిసినవాడు ఎదురుపడితే వచ్చే నవ్వు. ఎందుకు నవ్వాడో కాలేబుకు అర్థం కాలేదు. నవ్వేవాడు కోప్పడడు గదా అని ఊరుకున్నాడు.

ముప్పావుగంటకు గేజ్ ముల్లు దిగాల్సినంత దిగింది. కాలేబు వాల్వులు కట్టేసి, సిలిండర్ తుడిచి ఇచ్చాడు. బార్లో తానే కాటా మీద పెట్టి తూచాడు. మొదట్లో కాలేబు చెప్పిన ఖాళీ బరువు తీసేస్తే, గ్యాస్ అయిదు వందల ముప్పై గ్రాములు. కూలర్‌కు ఎక్కించింది ఆరు వందలని దాని పలక మీదే రాసి ఉంది. ఆయన తూకం రెండుసార్లు చూసుకుని, సిలిండర్‌ను తలకిందులు చేశాడు. అడుగున ఏదో చూసి, బొటనవేలితో అక్కడ రుద్దాడు. సొట్టలకు వంకపెడతాడేమోనని కాలేబుకు గుబులు పుట్టింది. పాతది సారూ, కానీ కారదు, అందామనుకున్నాడు. ఈలోపు ఆయన దాన్ని కింద పెట్టి, మూలనున్న నీలం గుడ్డ లాగేశాడు.

"ఇది గ్యాస్‌ను దించి దాచే యంత్రమట" అంది ప్రియదర్శిని. "పొద్దుటినుంచి ఇక్కడే ఉన్నా ఇదేమిటని ఒక్కరూ అడగలేదట. వాళ్ల కంపెనీలో గ్యాస్ గాలికి వదిలితే అదే రోజు ఇంటికి పంపించేస్తారట. ఆకాశంలో ఏదో పొర ఉందట, దానికి చిల్లు పడుతుందట. మీకు తెలుసా అని అడుగుతున్నారండీ."

"ఆకాశం సంగతి నాకెర్కలేదు మేడం. గ్యాస్ ఇడిస్తే మా ఉస్తాద్ మాట్లాడడు. గంతే."

గుమ్మం దగ్గర శేఖర్ తల పట్టుకున్నాడు. "ఆకాశానికి చిల్లు మనం పెడ్తున్నమా!" అని పక్కవాడితో అంటున్నాడు.

మిగతా పనంతా గంటలో అయిపోయింది. కంప్రెసర్ మార్చాడు, అతుకులు వేశాడు, సబ్బునురుగు పెట్టి చూసుకున్నాడు, దాచిన గ్యాసే తిరిగి ఎక్కించాడు. తగ్గిన కొంచెం మాత్రం కంపెనీ సిలిండర్‌లోంచి కలిపాడు. కూలర్‌లోంచి వచ్చిన మొదటి గ్లాసు చల్లనీళ్లు బార్లో తాగాడు. తాగి, జేబులోంచి ఒక పసుపు కార్డు తీసి నింపడం మొదలుపెట్టాడు. పేరు. ఊరు. అనుభవం, పదకొండేళ్లు. గ్రేడు దగ్గర పెన్ను ఒక్క క్షణం ఆగి, ఒకటి అంకె వేసింది.

"ఫస్ట్ గ్రేడండీ!" అని ప్రియదర్శిని గుంటూరు మర్యాదంతా మరిచిపోయి అరిచింది. "ఐటీఐ వాళ్లకు కూడా సెకండే ఇస్తారండీ!"

కింద సంతకం ఒకటే మిగిలింది. అక్కడ బార్లో పెన్ను మూసేశాడు. బిల్లు కాగితం తీసి, సంతకం మీద వేలు పెట్టి ఏదో అడిగాడు.

"ఇది రాసినాయన పేరు చదవమంటున్నారు. శాంతయ్య గారు, అవునాండీ?"

"అవ్ మేడం. శాంతయ్య, శంషాబాద్."

బార్లో ఆ పేరును చిన్న పుస్తకంలో రాసుకున్నాడు. ఎలా రాయాలని అడగలేదు. వాళ్ల పేర్లు మనం తప్పుగా పలికినట్టే మన పేర్లు వాళ్లు నాలుగుసార్లు అడిగి గానీ రాసుకోలేరు. ఈయన ఒక్కసారికే రాసేశాడు. ఆ తర్వాత ఆయన చెప్పిన మాటలు ప్రియదర్శిని నెమ్మదిగా తెలుగులోకి తెచ్చింది.

"ముద్ర లేని ఉత్తరం కాబట్టి, రాసిన మనిషి స్వయంగా వచ్చి ఇది నా సంతకమేనని ఎదుట మళ్లీ పెట్టి చెప్పాలట. గురువారం పదిగంటలకు తీసుకురమ్మంటున్నారు. శుక్రవారం ఈయన బయల్దేరిపోతారు. శాంతయ్య గారు రాకపోతే కార్డు మీద సంతకం పడదండీ."

"ఆయన నాతోని మాట్లాడుతలేడు మేడం!"

"మరి ఆ సిలిండరు ఎవరిదండీ?" అంది ప్రియదర్శిని.

కాలేబు సిలిండర్‌ను గోనెగుడ్డలో చుట్టి సంచిలో పెట్టుకున్నాడు.

ఆ ప్రశ్నకు జవాబు సాయంత్రం షాపు ముందు దొరికింది. బస్సు దిగి వచ్చేసరికి సునీల గుమ్మంలో నిలబడి చాయ్ గ్లాసులు అందిస్తోంది. సునీల కాలేబు భార్య. షాపు వెనకే వాళ్ల కిరాయి ఇల్లు.

"ఆ బొంబాయి కాయితం ఏంజేసినవే?" అన్నాడు సంచి దించకముందే.

"పొయ్యిల బెట్టిన. దాని మీదనే పాలు కాగినయి" అంది సునీల. "చూడని ఊరి పేరు చెప్పి పోయెటోడు, రేపు ఆడ ఇంకో పెండ్లి జేసుకోని గూడ ఈడికి ఉత్తరం రాస్తడు. నాకెందుకు ఆ పరేషాన్?"

"మరి సిలిండర్?"

"తెల్లారంగనే ఉస్తాద్ తెచ్చిచ్చిండు. ఆన్ని లేపకు, సంచిల ఏసెయ్యి, నేనిచ్చిన్నని చెప్పకు అన్నడు." అని గొంతు పెంచింది. "నేను చెప్తలేను గద, ఉస్తాద్?"

లోపల శాంతయ్య వినిపించనట్టు గోడకేసి చూస్తున్నాడు. ఆయన ఎదురుగా, కాలేబు రోజూ కూర్చునే స్టూలు మీద, శేఖర్ కూర్చుని ఉన్నాడు. అత్తాపూర్‌లో కాలేబు పని పూర్తయ్యేలోపే బస్సెక్కి ఇక్కడికి వచ్చేశాడు.

"అన్నా, ఏమనుకోకు. నీ జాగ నాకు ఖాయమైంది" అన్నాడు శేఖర్. "బకెట్ సంగతి నేర్పమని ఉస్తాద్ కాళ్ల మీద పడ్డ. ఐటీఐ కాయితం జూపిచ్చిన. దీంతోని ఏం పని జేస్తవ్ బిడ్డా, చాయ్ గ్లాసు మీద మూత పెట్టుకో అన్నడు. గని ఎల్లగొట్టలే."

కాలేబుకు వారం రోజుల్లో మొదటిసారి ఊపిరి సలిపింది. ఉస్తాద్ కోపానికి అసలు కారణం ఏమిటో అతనికి ఎప్పుడూ తెలుసు. తాను పోతే ఆ బెంచీకి రెండో మనిషి ఉండడు. ఇప్పుడు ఉన్నాడు. అతను సిలిండర్ తీసి బెంచీ మీద పెట్టి, గోడకు చెప్పాడు.

"గురువారం పది గంటలకు ఉస్తాద్ అత్తాపూర్ రావాలంట. సంతకం నాదే అని ఇంకోపారి పెట్టి చెప్పాలంట. చెప్తేనే కార్డు."

శాంతయ్య కూడా గోడకే చెప్పాడు. "ఎవనికంట చెప్పేది?"

"కంపెనీ ఇంజనీర్‌కు. బార్లో అంట ఆయన పేరు."

శాంతయ్య చేతిలో చాయ్ గ్లాసు నోటి దగ్గరే ఆగిపోయింది. దాన్ని బెంచీ మీద పెట్టాడు. వారం తర్వాత మొదటిసారి కాలేబు మొహంలోకి సూటిగా చూశాడు.

"బట్టతలనా?"

"అవ్."

"ఉప్పు జూసి నవ్విండా?"

"నవ్విండు ఉస్తాద్. నీకెట్లెర్క?"

శాంతయ్య సిలిండర్‌ను దగ్గరికి లాక్కుని బోర్లించాడు. అడుగున మేకుతో గీసిన రెండు గుర్తులు. తెలుగులో ఉన్నది ఉస్తాద్ పేరని కాలేబుకు మొదటినుంచీ తెలుసు. ఇంగ్లీషులో ఉన్నది తయారుచేసినవాళ్ల గుర్తు అనుకుంటూ వచ్చాడు పదకొండేళ్లుగా.

"మస్కట్‌ల ఈ బార్లోతోని నాలుగేండ్లు జేసిన" అన్నాడు శాంతయ్య. "అప్పటికి నీకు పదేండ్లు గూడ లేవు. గ్యాస్ దొరకని రోజులవి. ఓడ వచ్చిందాక ఉన్నదే కాపాడుకోవాలె. ఉప్పు నాది, బకెట్ ఆయనది. ఈ ఇంగ్లీషు గుర్తు గూడ ఆయనదే. ఇద్దరం కలిసి పట్టినం ఈ పద్ధతి." చేత్తో మొహం తుడుచుకున్నాడు. "ఐటీఐ లేదని నన్ను ఎనుకకు పంపిండ్రు. 'శాంతయ్య నాకంటే మంచి పనోడు' అని నాలుగు ముక్కలు రాసియ్యమని ఆయన్ను అడిగిన. రేపు రాస్త అన్నడు. తెల్లారి నా విమానం పోయింది."

ఇందాకటిదాకా నవ్వుతున్న శేఖర్ స్టూలు మీద సర్దుకుని కూర్చున్నాడు.

"అయితే గురువారం రావా ఉస్తాద్?" అంది సునీల మెల్లగా.

"ఎందుకు రాను?" శాంతయ్య లేచి, మేకుకు తగిలించిన తెల్లచొక్కా తీసి దులిపాడు. చాలా ఏళ్లుగా చర్చికి తప్ప ఎక్కడికీ వేసుకోని చొక్కా అది. "సునీలా, దీనికి ఇస్త్రీ జెయ్యి బిడ్డా. ఆని కోసం సంతకం నేను పెడ్త. గని ముందు ఆయన నాకు పెట్టాలె. పంతొమ్మిదేండ్ల సంది రాస్త రాస్త అంటున్న కాయితం అది. ఆయన పెన్ను తీస్తేనే నేను తీస్త."

కాలేబు బెంచీకి ఆనుకుని ఆ రోజు లెక్క ముగించాడు. పొద్దున పోయేటప్పుడు లేనిది సర్టిఫికెట్టు ఒకటే. సాయంత్రానికి చేరినవి ఒకటో గ్రేడు, ఉస్తాద్ బెంచీకి ఒక మనిషి, ఉస్తాద్ నోటినుంచి మళ్లీ మాట. పోయింది ఒక అబద్ధపు కాగితం, అదీ పాలు కాచి మరీ పోయింది. అన్నీ రాబడే. ఇక రావలసినవి రెండే రెండు సంతకాలు. ఒకదాని కోసం ఒకటి ఆగి ఉన్నాయి. ఆ ఇద్దరిలో ముందు పెన్ను తీసేది ఎవరో గురువారం పది గంటలకు గానీ తేలదు.